కణాలకు శక్తినిచ్చే బిళ్ళలట: నెలకు నాలుగు వేలు పోస్తున్నా, ఓపిక మాత్రం రావట్లేదు

గుంటూరు_టీచరమ్మ | జూన్ 9, రాత్రి 10:20

అందరికీ నమస్కారం. ఇక్కడ మొదటిసారి రాస్తున్నాను, కాస్త పొడుగైతే ఏమనుకోకండి.

నా వయసు 38. ఇల్లు బ్రాడీపేటలో, ఉద్యోగం విజయవాడలో. ఒక స్కూల్లో లెక్కలు చెప్తాను, రోజూ బస్సులో వెళ్ళొస్తాను. పోయిన అక్టోబరులో డెంగీ వచ్చి ఐదు రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. జ్వరం పోయింది గానీ నీరసం పోలేదు. ఎనిమిది నెలలైంది.

మామూలు అలసట కాదండీ ఇది. బోర్డు మీద ఒక లెక్క పూర్తయ్యేలోపు చెయ్యి బరువెక్కి చాక్‌పీసు దానంతటదే కిందికి జారిపోతుంది. పిల్లలు నవ్వుతారు, నేనూ నవ్వేస్తాను. ఆదివారం కాస్త ఓపికగా ఉందని అటక సర్దానంటే ఆరోజు బాగానే ఉంటాను. మంగళవారం పొద్దున మాత్రం పళ్ళు తోముకోవడానికి కూడా లేవలేను. తొమ్మిది గంటలు పడుకున్నా, అసలు పడుకోనట్టే ఉంటుంది.

మా స్టాఫ్‌రూమ్‌లో ఒకావిడ "నీ కణాల్లో ఎనర్జీ తయారవ్వట్లేదు, మైటోకాండ్రియా దెబ్బతింది" అని ఒక సెట్టు ఇప్పించారు. కోక్యూ10, ఎల్-కార్నిటిన్, మెగ్నీషియం, ఇంకా డి-రైబోజ్ అని తియ్యటి పొడి. మూడు నెలలుగా వాడుతున్నా. నెలకు 4,200. నాకు తెలిసిన తేడా ఒక్కటే, రోజుకు రెండుసార్లు విరేచనం.

వీటివల్ల ఎవరికైనా నిజంగా బాగైందా? మానేయనా, ఇంకొన్నాళ్ళు చూడనా? మా ఆయన ఏమీ అనరు గానీ, బిల్లు వచ్చిన రోజు కాస్త ఎక్కువగా నిశ్శబ్దంగా ఉంటారు.

కృష్ణలంక_కిరణ్ | జూన్ 9, రాత్రి 11:05

అక్కా, ఆ మంగళవారం సంగతి చదివి ఉలిక్కిపడ్డా. కోవిడ్ తర్వాత నాకూ అచ్చం అలాగే. శనివారం క్రికెట్ ఆడితే సోమవారం మంచం. ఆఫీసులో సోమవారం బద్ధకం అనుకున్నారు. కోక్యూ10 నేనూ ఆరు నెలలు వాడాను. మొదటి నెల అద్భుతంగా అనిపించింది, రెండో నెల నుంచి ఏమీ లేదు. డబ్బు పెట్టాం కదా, పని చేయాలి అనే ఆశే మొదటి నెల పని చేసిందేమో.

ఆరోగ్యధార | జూన్ 10, ఉదయం 6:15

గుడ్ మార్నింగ్ మేడమ్. మీరు వాడేవి విడివిడిగా ఉన్నాయి కాబట్టే పని చేయట్లేదు. మా దగ్గర 21 మూలకాలు కలిపిన సెల్యులర్ ఎనర్జీ పౌడర్ ఉంది. నా కస్టమర్ ఒకాయన నడవలేని స్థితి నుంచి కొండవీడు కోట ఎక్కాడు. మీ నంబర్ ఇన్‌బాక్స్ చేయండి.

మందులకొట్టు_మావయ్య | జూన్ 10, ఉదయం 9:40

కొండవీడు ఎక్కినాయన సంగతి తర్వాత. ఆ 21 మూలకాల్లో ఏది ఎన్ని మిల్లీగ్రాములో డబ్బా మీద రాసి ఉంటుందా బాబూ? ఫోటో పెట్టు, నేను చదివి చెప్తాను.

టీచరమ్మగారూ, సూర్యారావుపేటలో మందుల షాపు నడిపి 27 ఏళ్ళు. ఇవన్నీ నేనూ అమ్ముతాను, అందుకని నా మాట కాస్త అనుమానంతోనే వినండి. మీ విరేచనాలు మెగ్నీషియం వల్లే అయి ఉంటాయి. డబ్బా తిప్పి చూడండి, మెగ్నీషియం ఆక్సైడ్ అని ఉందా? చవకగా వస్తుందని అదే వేస్తారు. ఒంటికి పట్టేది తక్కువ, బాత్రూమ్‌కి తిప్పేది ఎక్కువ.

ఇంకో సంగతి. ఇలాంటివి కొనేటప్పుడు డబ్బా మీద 14 అంకెల ఫుడ్ లైసెన్సు నంబరు, "నాట్ ఫర్ మెడిసినల్ యూజ్" అన్న మాట ఉన్నాయా చూడండి. 2016 రూల్స్ ప్రకారం ఆ మాట ఉండి తీరాలి. అంటే ఇది జబ్బు తగ్గించే మందు కాదని తయారుచేసినవాడే ఒప్పుకుంటున్నాడు. అక్షరాలు చిన్నవి, కళ్ళజోడు పెట్టుకోండి.

కోక్యూ10 మా షాపులో ఎక్కువగా ఎవరు కొంటారో తెలుసా? పిల్లలు పుట్టడం కోసం మందులు వాడుతున్న జంటలు, తర్వాత గుండె పేషెంట్లు. నీరసానికని అడిగేవాళ్ళు ఈమధ్యే మొదలయ్యారు.

గుంటూరు_టీచరమ్మ | జూన్ 10, మధ్యాహ్నం 1:10

ఆక్సైడేనండీ! ఇప్పుడే చూశాను. ఇంకోటి చెప్తే నవ్వుతారు. మొన్న మా ఆయన కోక్యూ10 కొనడానికి కొత్తపేట వెళితే షాపబ్బాయి "పెళ్ళై ఎన్నేళ్ళైంది సార్?" అని అడిగాడట. మాకు ఇంటర్ చదివే కొడుకున్నాడు.

రిటైర్డ్_మాస్టారు | జూన్ 10, సాయంత్రం 5:30

అమ్మా, నేను బయోకెమిస్ట్రీ పాఠం చెప్పి రిటైరైనవాణ్ణి. ఆ డబ్బాల మీద రాసేదాంట్లో సగం నిజమే. ప్రమాదమల్లా ఆ సగం నిజంతోనే.

మనం తినే తిండి వడ్లు అనుకోండి. వడ్లు వండుకుని తినలేం, మిల్లాడించాలి. కణంలో ఆ మిల్లు మైటోకాండ్రియా, బయటికొచ్చే బియ్యం ఏటీపీ. కండరం కదలాలన్నా మెదడు ఆలోచించాలన్నా అదే కావాలి. దీన్ని నిలవ చేసుకునే గాదె ఒంట్లో లేదు, ఎప్పటికప్పుడు ఆడించుకోవాల్సిందే. రోజంతా మళ్ళీ మళ్ళీ తయారయ్యే ఏటీపీని కూడితే దాదాపు మనిషి బరువంత అవుతుంది.

మిల్లులో ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి ఎలక్ట్రాన్లు మోసే హమాలీ కోక్యూ10. కొవ్వు బస్తాల్ని గేటు దాటించి లోపలికి చేర్చేది కార్నిటిన్. ఏటీపీ పనిచేయాలంటే దాన్ని అంటిపెట్టుకుని మెగ్నీషియం ఉండాలి. రైబోజ్ ఏటీపీ అణువులోనే ఒక ముక్క. ఇంతవరకూ పుస్తకంలో ఉన్నదే.

తర్వాతి మాటే తేడా. మిర్చి యార్డులో వంద టిక్కీలకు (బస్తాలకు) సరిపడా హమాలీలు ఉన్నప్పుడు ఇంకో యాభై మందిని దింపితే టిక్కీలు పెరగవు కదా. కోక్యూ10ని, కార్నిటిన్‌ని మన శరీరమే తయారు చేసుకుంటుంది. తక్కువైనవాడికి ఇస్తే లాభం. తక్కువ కానివాడికి ఇస్తే ఏమవుతుందో పరీక్ష చేసి చూడాలి తప్ప బొమ్మ గీసి చెప్పలేం.

ఆ పరీక్షలు కొన్ని జరిగాయి. స్పెయిన్‌లో 2015లో, నెలల తరబడి వదలని నీరసం జబ్బున్న 73 మందికి రోజుకు 200 మిల్లీగ్రాముల కోక్యూ10, 20 మిల్లీగ్రాముల ఎన్ఏడీహెచ్ (ఆ మిల్లుకి ఎలక్ట్రాన్లు అందించేది) కలిపి 8 వారాలిచ్చారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళకంటే వీళ్ళకి అలసట స్కోరు తగ్గింది. 2021లో వాళ్ళే 207 మందితో 12 వారాలు చేస్తే ముఖ్యంగా మెదడు అలసటలో కొంత మెరుగు కనిపించింది. కొట్టిపారేసేది కాదు, పండగ చేసుకునేదీ కాదు. రైబోజ్ పరీక్ష 2006 నాటిది, 41 మంది, పోల్చడానికి ఉత్తుత్తి పొడి తీసుకున్న గుంపే లేదు. మెగ్నీషియం ఇంజెక్షన్లతో బ్రిటన్‌లో 1991లో 32 మందితో చేసి బాగుందన్నారు. తర్వాత వేరేవాళ్ళు చూస్తే ఈ రోగుల్లో మెగ్నీషియం లోపమే కనపడలేదు.

ఇక్కడో మాట చెప్పకుండా ఉండలేను. ఈ ఏటీపీని 1929లో జర్మనీలో లోమన్, అదే ఏడాది అమెరికాలో ఫిస్కేతో కలిసి మన యల్లాప్రగడ సుబ్బారావుగారు వెలికితీశారు. 1895లో భీమవరంలో పుట్టిన మనిషి. కుర్రతనంలో స్ప్రూ అనే పేగుల జబ్బు ఆయన్ని చావు దాకా తీసుకెళ్ళింది. ఆ జబ్బుకే అన్నదమ్ముల్ని పోగొట్టుకున్నాడు. తిన్నది ఒంటబట్టక నీరసించి పోవడమంటే ఏమిటో పుస్తకం చదివి తెలుసుకున్నవాడు కాదు. ఫోలిక్ యాసిడ్‌ని ల్యాబ్‌లో తయారుచేసింది తర్వాత ఆయన బృందమే. మా క్లాసులో ఏటీపీ బొమ్మ గీసిన ప్రతిసారీ ఈ కథ చెప్పేవాణ్ణి. పరీక్షలో రాదని సగం మంది వినేవాళ్ళు కాదు.

భవానీపురం_రాజు | జూన్ 10, రాత్రి 9:00

షుగరున్నవాళ్ళు ఆ రైబోజ్ పొడితో జాగ్రత్త. నేను షుగర్ మాత్రతో పాటు పరగడుపున ఒక చెంచా కలుపుకుని తాగాను. తియ్యగా ఉంది కాబట్టి షుగర్ పెరుగుతుందని భయపడ్డా. తీరా చూస్తే చెమటలు పట్టి కళ్ళు తిరిగాయి, మీటర్‌లో 62. ఇది షుగర్ తగ్గించగలదట, డాక్టర్ చెప్పేదాకా తెలియదు.

మందులకొట్టు_మావయ్య | జూన్ 10, రాత్రి 9:25

రాజూ, ఈ సందర్భంలోనే మిగతావీ చెప్పేస్తా. రక్తం పలచబడే మందు, అంటే వార్ఫరిన్, ఎసిట్రోమ్ లాంటివి వాడేవాళ్ళు చెప్పకుండా కోక్యూ10 మొదలుపెట్టకూడదు, ఆ మందు పని తగ్గొచ్చు. కార్నిటిన్ థైరాయిడ్ హార్మోన్ పనికి అడ్డు తగులుతుంది, ఫిట్స్ ఉన్నవాళ్ళకీ మంచిది కాదు. డోసు పెరిగితే ఒంటి నుంచి చేపల వాసన. నిజంగానే! ఒకాయన భార్య షాపుకొచ్చి గొడవ పెట్టుకుంది. కిడ్నీ జబ్బుంటే మెగ్నీషియం జోలికి పోవద్దు.

షుగర్‌కి మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడితే బీ12 తగ్గుతుంది. గ్యాస్ మాత్ర రోజూ వేసుకునేవాళ్ళకీ అంతే. మా నాన్నకి అరికాళ్ళ తిమ్మిర్లు, నీరసం వచ్చి రెండేళ్ళు వయసు మీద తోసేశాం. చూస్తే బీ12 లేదు. షాపు నిండా బీ12 పెట్టుకుని ఇంట్లో మనిషికి ఇవ్వలేదు నేను.

గుణదల_గీత | జూన్ 11, ఉదయం 11:45

టీచర్‌గారూ, నాకు ఈ జబ్బు ఆరేళ్ళ నుంచి. ఎంఈ/సీఎఫ్ఎస్ అంటారు, మాస్టారు చెప్పిన నీరసం జబ్బే. పూర్తి పేరు పలికే ఓపిక మనలో ఎవరికీ లేదు. మీరు రాసినదాంట్లో నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించింది బిళ్ళలు కాదు, ఆదివారం పనికి మంగళవారం శిక్ష. చేసిన పని ఒకటి రెండు రోజులు ఆగి దెబ్బకొట్టడమే దీని గుర్తు. 2015లో అమెరికా నిపుణుల సంఘం ఇచ్చిన గుర్తుల్లో ఇదొకటి. ఆరు నెలలకు పైగా మునుపటిలా పనులు చేయలేకపోవడం, నిద్రపోయినా తేరుకోకపోవడం మిగతావి. వీటితోపాటు తలదిమ్ముగానీ, నిలబడితే తేడా చేయడంగానీ ఉండాలి.

చాలామంది "వాకింగ్ చెయ్యి, జిమ్‌కి వెళ్ళు" అంటారు. నేను విన్నాను. రోజూ పది నిమిషాలు పెంచుకుంటూ రామవరప్పాడు రింగు దాకా నడిచాను. నాలుగో వారం నుంచి ఐదు నెలలు ఇంట్లోంచి బయటికి రాలేదు. బ్రిటన్‌లో డాక్టర్లకు వైద్య సూచనలు రాసే నైస్ సంస్థ 2021లో, ఇలా కొలత పెట్టి వ్యాయామం పెంచుకుంటూ పోయే పద్ధతిని ఈ జబ్బుకు ఇవ్వొద్దని రాసింది. విటమిన్ల గురించీ అందులో ఉంది. జబ్బు నయమవుతుందని వాడటానికి తగిన ఆధారం లేదని, గడప దాటలేనివాళ్ళకి విటమిన్ డీ లోపం రావచ్చు కాబట్టి చూసుకోమని.

నా కోక్యూ10 ఇప్పటికీ నడుస్తోంది, దాచను. భోజనంలో నెయ్యి ఉన్న పూటే వేసుకుంటాను, కొవ్వులోనే కరుగుతుంది కాబట్టి. తలదిమ్ము కొద్దిగా తక్కువ అనిపిస్తుంది. కానీ నన్ను నిలబెట్టింది మాత్రం పని మధ్యలో, అలసట రాకముందే, ఫోన్‌లో అలారం పెట్టుకుని పడుకోవడం. కూర తరిగి పదిహేను నిమిషాలు. పోపు పెట్టి పదిహేను నిమిషాలు. మా అత్తగారికి అర్థం కావడానికి రెండేళ్ళు పట్టింది.

పటమట_డాక్టర్ | జూన్ 11, రాత్రి 10:50

జనరల్ ఫిజీషియన్‌ని. ఇక్కడ ఎవరికీ వైద్యం చేయను, ఒక్క ప్రశ్న మాత్రం. టీచర్‌గారూ, మైటోకాండ్రియా దాకా వెళ్ళేముందు మామూలు పరీక్షలు అయ్యాయా? హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిలవ), థైరాయిడ్, షుగర్, బీ12, విటమిన్ డీ, లివర్, కిడ్నీ. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే టీబీ కూడా చూడాలి. గురక ఉందా? నా దగ్గరికి నీరసం అని వచ్చేవాళ్ళలో గురక సంగతి తమంతట తాము చెప్పినవాళ్ళు తక్కువ, పక్కన కూర్చున్న భార్యే చెప్తుంది.

గుంటూరు_టీచరమ్మ | జూన్ 12, సాయంత్రం 6:30

డాక్టర్‌గారూ, పోయిన వారమే చేయించాను, భయంతో రాయలేదు. హిమోగ్లోబిన్ 11.1, ఫెరిటిన్ 12, బీ12 బాగానే ఉంది. థైరాయిడ్ దగ్గరే వచ్చింది చిక్కు. టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ని పని చేయించే హార్మోన్) 0.07, బాగా తక్కువ. ఫ్రీ టీ4 (థైరాయిడ్ చేసే హార్మోన్) ఎక్కువ. థైరాయిడ్ విపరీతంగా పనిచేస్తోంది, మందు మొదలుపెట్టాలి అన్నారు. స్కానింగ్‌కి రమ్మన్నారు. రెండు రాత్రులుగా నిద్ర లేదు, అంతా టెన్షన్. గురక లేదు (మా ఆయన్ని అడిగాను).

పటమట_డాక్టర్ | జూన్ 12, రాత్రి 9:15

గుండె దడ, చేతుల వణుకు, బరువు తగ్గడం ఉన్నాయా? జుట్టుకోసం ఏమైనా బిళ్ళలు వాడుతున్నారా?

గుంటూరు_టీచరమ్మ | జూన్ 12, రాత్రి 9:32

అవేమీ లేవు. బరువు మూడు కిలోలు పెరిగాను కూడా. డెంగీ తర్వాత దువ్వెన పెడితే కుచ్చులు కుచ్చులుగా ఊడిపోతుంటే జుట్టు బిళ్ళ ఒకటి మొదలుపెట్టాను. బయోటిన్ అనే బీ విటమిన్, 10 మిల్లీగ్రాములు. అది మందు కాదు కదా అని ఎవరికీ చెప్పలేదు. మీకెలా తెలిసింది?

పటమట_డాక్టర్ | జూన్ 12, రాత్రి 9:50

అందుకే అడిగాను. మనిషికి రోజుకు కావాల్సిన బయోటిన్ మైక్రోగ్రాముల్లో, నలభై దరిదాపు. మీది పదివేల మైక్రోగ్రాములు. చాలా ల్యాబ్ మిషన్లు రక్తంలో హార్మోన్‌ని పట్టుకోవడానికి బయోటిన్‌నే గాలంగా వాడతాయి. ఒంట్లో బయోటిన్ ఎక్కువైతే ఆ గాలం తప్పుతుంది. టీఎస్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువగా, టీ4 ఉన్నదానికంటే ఎక్కువగా కనపడుతుంది. అచ్చం మీ రిపోర్టులాగే. ఫెరిటిన్ కూడా తప్పుగా తక్కువ చూపించవచ్చు. గుండెపోటు పట్టిచ్చే ట్రోపోనిన్ పరీక్ష కూడా ఇలా మోసపోవచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లో హెచ్చరించింది.

మీకు థైరాయిడ్ లేదని నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను. మీ డాక్టర్‌కి బయోటిన్ సంగతి చెప్పండి. ఆయన సరేనంటే ఆ బిళ్ళ ఆపి, కనీసం రెండు రోజులు, మీ డోసుకి వారం ఆగితే ఇంకా నయం, మళ్ళీ రక్తం ఇవ్వండి. డెంగీ తర్వాత ఊడిన జుట్టు చాలామందికి కొన్ని నెలల్లో దానంతటదే వస్తుంది.

కృష్ణలంక_కిరణ్ | జూన్ 12, రాత్రి 10:01

ఓరి దేవుడా.

మోడరేటర్ | జూన్ 13, ఉదయం 8:00

"ఆరోగ్యధార" అనే సభ్యుడు నలుగురికి ఇన్‌బాక్స్‌లో ధరల పట్టిక పంపాడని ఫిర్యాదు వచ్చింది. ఖాతా ఆపేశాం. మావయ్యగారు అడిగిన డబ్బా ఫోటో చివరిదాకా పెట్టలేదు.

గుంటూరు_టీచరమ్మ | జూన్ 24, రాత్రి 8:40

రిపోర్ట్ వచ్చింది. టీఎస్‌హెచ్ 2.4, టీ4 నార్మల్. మా డాక్టర్ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశారు. "బయోటిన్ అడగాల్సింది, నేనే అడగలేదు" అన్నారు. అలా ఒప్పుకున్నందుకు ఆయన మీద గౌరవం పెరిగింది. ఫెరిటిన్ ఈసారి 15, అది మాత్రం నిజంగానే తక్కువ. విటమిన్ డీ 13.

ఐరన్ బిళ్ళ రోజు విడిచి రోజు, అలా అయితే ఒంటికి బాగా పడుతుందట. దానికి గంట ముందూ తర్వాతా టీ కాఫీ లేదు. డీ సాచెట్ వారానికొకటి, ఎనిమిది వారాలు, ఆ తర్వాత ఆపేయమని గట్టిగా చెప్పారు. సెట్టు మొత్తం ఆపేశాను. విరేచనాలు మూడో రోజుకే కట్టాయి.

మందులకొట్టు_మావయ్య | జూన్ 24, రాత్రి 9:10

డీ సాచెట్ ఆపమన్న మాట నిజంగా పాటించండమ్మా. 60,000 యూనిట్లది వారం వారం ఏళ్ళ తరబడి కొనేవాళ్ళున్నారు. కాల్షియం పెరిగి వాంతులు, కిడ్నీ దెబ్బతినడం దాకా వెళ్తుంది. చీటీ లేకుండా ఐదో నెల అడిగితే నేను ఇవ్వను. పక్క షాపుకి వెళ్తారనుకోండి.

కృష్ణలంక_కిరణ్ | జూలై 2, రాత్రి 11:30

ఒక డౌట్. అశ్వగంధ ఎవరైనా వాడారా? మా అమ్మ పాలల్లో కలిపిస్తానంటోంది.

పటమట_డాక్టర్ | జూలై 3, ఉదయం 7:20

కొంతమందికి లివర్ దెబ్బతిన్న కేసులు ప్రచురితమయ్యాయి, థైరాయిడ్ హార్మోన్నీ పెంచవచ్చు. చెట్టు మందు కదా ఏం చేస్తుందిలే అనుకోవద్దు. వాడాలనుకుంటే ముందు లివర్ పరీక్ష, కళ్ళు పచ్చబడితే వెంటనే ఆపడం. అమ్మగారికి కోపం వస్తే నా పేరు చెప్పండి.

గుంటూరు_టీచరమ్మ | సెప్టెంబరు 7, రాత్రి 9:00

మళ్ళీ నేనే. ఫెరిటిన్ 41కి వచ్చింది. ఊపిరి ఆడనట్టుండేది పోయింది, బస్టాండ్ మెట్లు ఆగకుండా ఎక్కుతున్నాను. కానీ మంగళవారాలు పోలేదు. కాస్త తగ్గాయంతే. గీతగారు చెప్పిన పేరే ఇప్పుడు మా డాక్టర్ కూడా అంటున్నారు. పది నిమిషాలు నిలబెట్టి నాడి చూశారు. పడుకున్నప్పుడు 74, నిలబడ్డాక 108. అంత పెరగకూడదట. బీపీ లేదు కాబట్టి ఉప్పేసిన మజ్జిగ ఎక్కువ తాగమన్నారు, కాళ్ళకి బిగుతు సాక్సు ఇచ్చారు. సెప్టెంబరు ఉక్కలో ఆ సాక్సుతో బస్సు ప్రయాణం ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

కోక్యూ10 ఒక్కటి మాత్రం, డాక్టర్‌కి చెప్పి, మాస్టారు రాసిన 200 డోసుతో ఎనిమిది వారాలు మళ్ళీ చూశాను. ఈసారి లెక్కల టీచర్‌లాగా. నోట్‌బుక్‌లో రోజూ రాత్రి పదికి ఎన్ని మార్కుల ఓపికో వేసుకున్నాను. మొదలుపెట్టకముందు రెండు వారాల సగటు 4.1, చివరి రెండు వారాలది 4.4. ఈలోగా ఐరన్ పెరిగింది, సాక్సు వచ్చింది, హెడ్‌మిస్ట్రెస్ క్లాసులో ఎత్తు స్టూల్ వేయించారు. ఆ 0.3 ఎవరి ఖాతాలో వేయాలో నాకు తేలలేదు. స్టూల్ ఖాతాలో వేశాను.

రిటైర్డ్_మాస్టారు | సెప్టెంబరు 7, రాత్రి 9:45

అమ్మా, నా స్టూడెంట్లలో కూడా ఇంత నిజాయితీగా రికార్డు రాసినవాళ్ళు తక్కువ. కోక్యూ10 పని చేయలేదనీ దీన్నిబట్టి చెప్పలేం, ఒక్క మనిషి లెక్క కదా. మానేశారా?

గుంటూరు_టీచరమ్మ | సెప్టెంబరు 7, రాత్రి 10:02

మానేశాను మాస్టారూ. ఆ డబ్బుతో ఇల్లు తుడిచే మనిషిని పెట్టుకున్నాం. ఆదివారం ఇప్పుడు నిజంగా ఆదివారం.

గుణదల_గీత | సెప్టెంబరు 8, ఉదయం 10:30

అంతకంటే మంచి సప్లిమెంట్ నాకు తెలియదు! నేను మాత్రం కోక్యూ10 మానను, నవ్వుకోండి.

తెనాలి_సుధ | సెప్టెంబరు 19, మధ్యాహ్నం 3:15

పాత చర్చ లేపుతున్నందుకు క్షమించండి. మా అమ్మాయికి రేపు పొద్దున థైరాయిడ్ టెస్టు ఉంది. ఇది చదివి వెళ్ళి దాని బీరువా చూశాను, జుట్టు బిళ్ళల సీసా దొరికింది. ఈ పొద్దున కూడా వేసుకుందట. రేపు వెళ్ళమంటారా వద్దా?

మందులకొట్టు_మావయ్య | సెప్టెంబరు 19, మధ్యాహ్నం 3:40

డాక్టర్‌గారు వేరే అత్యవసరం అంటే తప్ప రేపు వద్దమ్మా. ముందు ఆయనకి ఫోన్ చేసి బయోటిన్ అని చెప్పండి. సీసా వెనక ఎన్ని మైక్రోగ్రాములుందో అదీ చదివి చెప్పండి.